ముగ్గు మెట్లు

అట్టతో చేసిన చెరువుగట్టు ఇంటి మీద మరిది ఒక అగ్గిపెట్టె తెచ్చి పెట్టాడు.

"ఇదిగో వదినగారూ, మీరు మర్చిపోయిన పై అంతస్తు," అన్నాడు.

భోజనాల బల్ల మీద గిన్నెలు పక్కకు జరిపి పెట్టిన నమూనా అది. బారుగా, ఎత్తు తక్కువగా, గట్టు మీద కునుకు తీస్తున్న కుక్కలా ఉందా ఇల్లు. నేల ఎటు వాలితే కప్పూ అటే వాలింది. మధ్యలో గుండ్రటి ఖాళీ. స్థలంలో ఉన్న వంగిన చెట్టును కొట్టెయ్యకుండా దాని చుట్టూ ఇల్లే తిరిగింది. కింద నీలం కాగితం చెరువు. గేటు దగ్గర బయల్దేరితే నీళ్ళ దాకా ఎక్కడా కాలు ఎత్తి వెయ్యాల్సిన పని లేదు. అది అలా కుదరడానికి ఎన్ని కాగితాలు చించాల్సి వచ్చిందో గీసినావిడకే తెలుసు.

గీసినావిడ చెల్లెలికి అక్క, మరిదికి వదిన, బయటివాళ్ళకి ఆర్కిటెక్టు గారు. చెల్లెలి పదకొండేళ్ళ కూతురికి పెద్దమ్మ. అన్ని పిలుపుల్లోకీ ఆవిడకి అదే ఇష్టం కాబట్టి మనమూ అలాగే పిలుద్దాం.

"చెరువు పక్క ఇల్లు నేలకి ఒదిగి ఉండాలి మరిదిగారూ," అంది పెద్దమ్మ. "అక్కడ రెండంతస్తులు లేపామంటే గట్టు మీద లారీ ఆపినట్టు ఉంటుంది."

"లారీయో, రైలో. మేడ మీద గది ఇస్తానని నా కూతురికి మాటిచ్చాను. పొద్దున్న లేచి కిటికీ తీస్తే చెరువంతా కనపడాలి దానికి."

"కింద గదిలోంచీ కనపడుతుంది. ఇంకా దగ్గరగా."

మరిది నవ్వాడు. వదినతో హాస్యాలాడటం అతనికి అలవాటే కాని ఈ నవ్వు ఆ నవ్వు కాదు. వేలితో నమూనా గుమ్మాన్ని తాకాడు.

"ఒక్క మెట్టు లేదు. గుమ్మానికి గడప లేదు. తలుపులు చూస్తే ఏనుగు పట్టేలా ఉన్నాయి. వాలు, ఒదుగు అని మీరెన్ని మాటలు చెప్పినా నాకు తెలీదా వదినగారూ? ప్రకృతి పేరు చెప్పి నా కూతుర్ని చక్రాల కుర్చీలో కూర్చోబెడుతున్నారు."

చెల్లెలు లేచి గిన్నెలు ఒకదానిలో ఒకటి పెట్టసాగింది, చప్పుడు కాకుండా. పక్కగది తలుపు ఓరగా తీసి ఉంది. అందులో ఆ పిల్ల లెక్కలు చేసుకుంటోంది.

ఆ పిల్లని చీమ అంటారు. నడక వచ్చిన రోజు నుంచీ ఒక్కచోట నిలవకుండా ఇల్లంతా తిరిగేదని వాళ్ళ నాన్న పెట్టిన ముద్దుపేరు. ఇప్పుడు ఆ పేరు పిలవాలంటే పెద్దవాళ్ళకి నాలుక తడబడుతోంది. కాని పేరు మారిస్తే ఎందుకు మార్చారో పిల్లకి చెప్పాలి. అందుకని అలాగే పిలుస్తున్నారు. కండరాల్లో బలం తగ్గిపోయే జబ్బు. ముందు కాళ్ళు, తర్వాత చేతులు, ఆ తర్వాత... అని డాక్టరు ఆగాడు. ఆగిన చోట ఏముందో చెల్లెలికి అర్థమైంది. మరిదికీ అర్థమయ్యే ఉంటుంది, కాని అతను ఆటసామాన్ల దుకాణం నడిపే మనిషి. రోజూ చెమట పట్టేదాకా పరిగెత్తందే కాఫీ ముట్టడు. లోకంలో కష్టాలన్నీ సాధన చాలక వచ్చినవే అని అతని నమ్మకం. చెడ్డ నమ్మకమేం కాదు, ఇన్నాళ్ళూ అతనికి పనికొచ్చింది.

"మెట్లు లేని ఇల్లు కడితే, అది నడవదని మనమే ఒప్పుకున్నట్టు," అన్నాడు గొంతు తగ్గించి. "పొద్దున్న లేచిన దగ్గర్నుంచీ ఆ గోడలే చెప్తుంటాయి దానికి. నేను ఒప్పుకోను. మెట్లుంటేనే ఇల్లు. లేదంటే ఇక్కడే ఉంటాం."

తను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే మనిషితో వాదించి లాభం లేదు. పెద్దమ్మ అగ్గిపెట్టె తీసి బల్ల మీద పెట్టింది. అతను దాన్ని మళ్ళీ కప్పు మీద పెట్టి చెయ్యి కడుక్కోవడానికి వెళ్ళాడు.

మర్నాడు అక్కచెల్లెళ్ళిద్దరూ చెరువు దగ్గరికి వెళ్ళారు. ఆదివారం గోడలొచ్చే చోట ముగ్గు పోయాలి, సోమవారం నుంచి పునాది తవ్వకం. వానలు మొదలయ్యేలోగా పునాది నేలమట్టానికి రాకపోతే ఈ ఏడు ఇల్లు లేవదు. వచ్చే ఏటికి చీమ ఎలా ఉంటుందో, ఆ లెక్క ఇద్దరూ వేసుకున్నారు గాని ఒకరికొకరు చెప్పుకోలేదు.

మేస్త్రి పారదర్శకంగా ఉన్న సన్న గొట్టంలో నీళ్ళు నింపి ఒక కొస పట్టుకుని నిలబడ్డాడు. రెండో కొస పెద్దమ్మ పట్టుకుంది. గొట్టం రెండు చివర్లా నీళ్ళు ఒకే ఎత్తులో నిలబడతాయి. దాన్నిబట్టి నేల ఎక్కడెంత దిగిందో కొయ్యమేకుల మీద గుర్తు పెట్టుకుంటూ పోతారు. మేకు నుంచి మేకుకి పురికొస లాగుతుంటే, గట్టు ఎంత నింపాదిగా నీళ్ళలోకి దిగుతోందో కంటికి తెలుస్తోంది. నేరుగా దిగితే ఈ వాలు కాస్త నిటారే. అందుకే పెద్దమ్మ ఇంటిని ఏటవాలుగా తిప్పింది. నడవా పొడుగు పెరిగింది, వాలు తగ్గింది. చేతుల్లో బలం లేని పిల్ల కూడా తన కుర్చీ తనే తోసుకుని నీళ్ళ దాకా వెళ్ళి రావచ్చు. అలాగని గేటు దగ్గర నిలబడి చూసేవాడికి అదంతా చెట్టు కోసం తిరిగిన ఇల్లులాగే ఉంటుంది. పెద్దమ్మకి ఆ దాపరికం మీద చాలా గర్వం ఉండేది, రాత్రి భోజనాల బల్ల దగ్గర మరిది దాన్ని ఒక్క వేలితో పట్టేసేదాకా.

చెల్లెలు వంగిన చెట్టు మొదట్లో కూర్చుంది. మాను మీద నాచు ఎండిన చార ఉంది; పెద్ద వానలకి నీళ్ళు అందాకా వస్తాయి. ఇంటి గచ్చు దానికి పైన ఉండేలా గీసింది పెద్దమ్మ.

"అక్కా, దాని గదికి చెరువు వైపు తలుపు పెట్టావు కదా. మంచం పట్టుతుందా అందులోంచి?"

"పట్టేలాగే పెట్టాను."

"చక్రాలున్న మంచం. ఆసుపత్రిది. అది కాస్త వెడల్పుంటుంది."

"అదే కొలిచానే."

చెల్లెలు తల ఊపింది. ఎండిన నాచు గోటితో గీకసాగింది.

"లేవలేని రోజు వస్తే మంచంతో సహా బయటికి తీసుకొచ్చి ఇక్కడ, ఈ నీడలో పెడతాను. గోడలు చూస్తూ పడుకోనివ్వను. అంతే అక్కా నేను అడిగేది. ఆయన ఏమన్నా సరే నువ్వు మెత్తబడకు. మా ఇంట్లో నిజం మాట్లాడటానికి నువ్వు తప్ప నాకెవరూ లేరు."

"నేనెందుకు మెత్తబడతానే," అంది పెద్దమ్మ.

సాయంత్రం పెద్దమ్మ వాళ్ళింటికి వెళ్ళేసరికి తండ్రీకూతుళ్ళు బడి నుంచి వచ్చి మెట్లెక్కుతున్నారు. వాళ్ళది లిఫ్టు లేని మూడో అంతస్తు. మరిది భుజాన బడిసంచీ, చేతిలో నీళ్ళసీసా. చీమ ఒక చేత్తో కమ్మీ పట్టుకుంది. పాదం పై మెట్టు మీద పెట్టి, రెండో అరచెయ్యి మోకాలి మీద ఆనించి, మోకాలిని వెనక్కి నొక్కి, ఆ ఊతంతో ఒళ్ళు పైకి లేపుతోంది. తర్వాత రెండో కాలు. తర్వాత కాసేపు ఏమీ లేదు. తర్వాత మళ్ళీ అరచెయ్యి.

"పర్లేదు తల్లీ, మెల్లగా ఎక్కుదాంలే," అంటున్నాడు మరిది.

అతను ఎత్తుకోడు. ఎత్తుకుంటే కాళ్ళు పని మర్చిపోతాయని అతని భయం. పెద్దమ్మ మలుపు కిందే ఆగిపోయింది, వాళ్ళకి కనపడకుండా. మలుపు దగ్గరికి వచ్చేసరికి చీమ మెడ వెనక జుట్టు చెమటతో అతుక్కుపోయింది. అప్పుడు మరిది గోడకి జారగిలబడి గట్టిగా ఊపిరి పీల్చాడు.

"అబ్బ, ఆగవే చీమా. నాకు ఆయాసంగా ఉంది. కాసేపు ఆగుదాం."

"నీకు రోజూ ఆయాసమే నాన్నా," అంది చీమ కూడా గోడకి ఆనుకుంటూ. "వయసైపోతోంది నీకు."

"అంతేనే, ముసలాణ్ణయిపోయాను."

పొద్దున్నే చెరువు చుట్టూ పరిగెత్తి వచ్చే మనిషి, మెట్ల మలుపు దగ్గర నోరు తెరిచి రొప్పుతున్నాడు. చీమ తన చిన్న అరచేత్తో అతని వీపు నిమురుతోంది. పెద్దమ్మ కింద కమ్మీ పట్టుకుని నిలబడి, వాళ్ళ తలుపు మూసుకున్న చప్పుడు వినపడేదాకా కదల్లేదు.

పెద్దమ్మకి ఒక అలవాటుంది. ఇల్లు గీసే ముందు ఆ ఇంట్లో ఉండబోయేవాళ్ళని దర్జీలా కొలుస్తుంది. కూర్చుంటే కళ్ళు ఎంత ఎత్తులో ఉంటాయి, చెయ్యి చాపితే అలమరలో ఏ అర అందుతుంది, పడుకుంటే కిటికీలోంచి ఏం కనపడుతుంది. మనుషుల్ని బట్టి ఇల్లుండాలి గాని ఇంటిని బట్టి మనుషులు వంగకూడదంటుంది. చీమ కొలతలు కొన్ని మిగిలిపోయాయి. శనివారం మధ్యాహ్నం చెల్లెలు మందులకి, మరిది దుకాణానికి వెళ్ళినప్పుడు టేపు తీసుకుని పిల్ల పక్కన కూర్చుంది.

"కుర్చీలో కూర్చుని చెయ్యి పైకెత్తు."

ఎత్తింది. భుజం దాటి కొంచెం పైకి వెళ్ళి ఆగింది చెయ్యి. పోయిన నెల చెవి దాటింది. పెద్దమ్మ రాసుకుంది.

"ఇప్పుడు పడుకో. కళ్ళెత్తు చూడాలి."

చీమ దిండ్ల మీద వెనక్కి వాలింది. పెద్దమ్మ నేల మీంచి టేపు లాగి ఆ కళ్ళ దగ్గర ఆపింది.

"నాన్నని పడుకోబెట్టి కొలిచావా పెద్దమ్మా?"

"లేదు."

"అమ్మని?"

"అమ్మ పడుకునేది ఎక్కడే, ఎప్పుడూ వంటింట్లోనే ఉంటుందిగా."

హాస్యం అతకలేదు. చీమ పైకప్పు చూస్తూ అంది: "రెండు దిండ్లున్నాయి. ఒకటి తీసి కొలువు."

"ఎందుకే?"

"తర్వాత ఒక్కటే వేస్తారుగా. ఆసుపత్రిలో నా ఎదురు మంచం మీద ఒక అక్క ఉండేది. మొదట్లో తనకి రెండేసేవాళ్ళు. తర్వాత మెడ నిలబడట్లేదని ఒకటే వేశారు. అప్పట్నుంచీ కిటికీలోంచి తనకి ఏమీ కనపడేది కాదు. బయట ఏముందో నేను చెప్పేదాన్ని."

పెద్దమ్మ చేతిలోంచి టేపు జారి సర్రున డబ్బాలోకి వెళ్ళిపోయింది. గోటికి తగిలి నెత్తురు చిమ్మితే వేలు నోట్లో పెట్టుకుంది. అలా పెట్టుకోవడమే మంచిదైంది, నోరు తెరిస్తే ఏం వచ్చేదో తెలీదు.

"ఇంకోటి పెద్దమ్మా. మెట్లు పెట్టు."

"నువ్వెక్కుతావా?"

"నేనెందుకు ఎక్కుతాను. నాన్న కోసం." అదేదో బళ్ళో పక్కపిల్లకి రబ్బరు ఇచ్చే మాటలా మామూలుగా చెప్తోంది. "పైన గది కట్టి, ఇది నీదే అని చూపించనీ. బావుందంటాను. రాత్రి మాత్రం అమ్మ దగ్గర పడుకోవాలని ఉందని కిందే ఉండిపోతాను. అబద్ధం కూడా కాదు."

"నీకు అన్నీ తెలుసని నాన్నకి చెప్పచ్చుగా చీమా."

చీమ కాస్త ఆలోచించింది.

"చెప్తే, ఇంక మెట్ల దగ్గర ఆగడానికి నాన్న ఏం చెప్తాడు? ఆయాసమని చెప్పలేడుగా."

పెద్దమ్మ ఆ పిల్ల పక్కన పడుకుని, ఆ తలని తన భుజం మీదికి లాక్కుంది. ఇన్నాళ్ళూ పెద్దవాళ్ళు ముగ్గురూ ఈ పిల్ల నెత్తి మీదుగా మాట్లాడుకుంటూ, తలుపులు ఓరగా వేసుకుంటూ, తెలివైనవాళ్ళమనుకుంటూ తిరిగారు. ఆవిడకి ఏడుపు ఆగలేదు. చీమ ఆవిడ వీపు నిమిరింది, మెట్ల మలుపులో వాళ్ళ నాన్న వీపు నిమిరినట్టే.

ఆ సాయంత్రం పెద్దమ్మ కాగితం పరిచి మెట్లు గీసింది. చెల్లెలికిచ్చిన మాట పెన్సిలు కింద నలుగుతూనే ఉంది. మెట్లకి చోటు కావాలంటే చెట్టు చుట్టూ తిరిగిన నడవాని నొక్కాలి, వాలు మళ్ళీ నిటారవుతుంది, కప్పు లేస్తుంది. తన చేత్తో తను అల్లుకున్న జడ తనే విప్పుకున్నట్టు ఉంది. అయినా గీసింది. తర్వాత కిటికీ కింది అంచు దగ్గరికి వచ్చి ఆగింది. రెండు దిండ్లకి పెట్టిన ఎత్తు అది. ఒక దిండుకి దించాలంటే ఒక్క గీత చెరిపి కింద ఇంకోటి గియ్యడమే. పెన్సిలు పట్టుకుని కూర్చుంది, కూర్చుంది. మెట్లు గియ్యగలిగిన చెయ్యి ఆ ఒక్క గీతా గియ్యలేకపోయింది.

ఆదివారం పొద్దున్నే మేస్త్రి కాగితం చూసి కళ్ళు చికిలించాడు.

"మొన్నటి దాంట్లో మెట్లు లేవు కదమ్మా."

"ఇవాళ ఉన్నాయి."

"అయితే పోసేద్దాం. మనదేం పోయింది, సున్నప్పొడేగా."

పురికొసలు లాగి, వాటి వెంబడి పిడికిట్లోంచి సున్నప్పొడి వదులుతూ నడిచాడు. గోడలన్నీ తెల్లటి గీతలై గడ్డి మీద పరుచుకున్నాయి. తలుపులున్న చోట గీత ఆగి మళ్ళీ మొదలవుతుంది. మెట్లు వరసగా అడ్డగీతలు, మధ్యలో ఒక మలుపు. పై గదిని గాల్లో గియ్యలేరు కాబట్టి, మెట్లు అయిపోయిన చోట పక్కనే గడ్డి మీద వేరే చదరంగా పోశాడు. చీమ గదిలో మంచం ఉండాల్సిన చోట చెక్కబల్ల ఒకటి తెచ్చి వేశారు. చెరువు వైపు రెండు మేకులు పాతి, కిటికీ కింది అంచు ఎంత ఎత్తున వస్తుందో తెలియడానికి పురికొస కట్టింది పెద్దమ్మ. రెండు దిండ్ల ఎత్తునే కట్టింది.

ముగ్గు పోసిన ఇంట్లో ఇంటివాళ్ళంతా ఒక పూట గడపాలి. పెద్దమ్మ కట్టే ఏ ఇంటికైనా ఇదే నియమం. తలుపుల్లోంచే తిరగాలి, గోడ దాటకూడదు. గోడలు లేవకముందే కాపురం పెట్టించే ఆవిడని ఈవిడనే చూశానని మేస్త్రి అందరికీ చెప్పుకుని నవ్వుతుంటాడు. ఒకసారి ఒక ఇంటాయన ఫోను మాట్లాడుతూ గీత దాటి వస్తే, "గోడలోంచి వచ్చారేంటండీ, దెయ్యమా మీరు?" అని వెనక్కి పంపించిందట.

చెల్లెలు అన్నం డబ్బాలు పట్టుకుని గుమ్మంలోంచి వచ్చింది. వంటింట్లోకి వెళ్ళబోతూ అడ్డగీతలు చూసింది. చూసి, అక్క మొహం చూసింది.

"నువ్వు కూడానా?" అంది. అంతే. డబ్బాలు కింద పెట్టి, లేని పొయ్యి వైపు తిరిగి నిలబడిపోయింది. పెద్దమ్మ డబ్బాలని నీడలోకి జరిపింది. చెప్పడానికి ఉన్నదేదో చెల్లెలికి చెప్పగలిగేది కాదు.

మరిది మొహం మాత్రం చాటంతయింది. "దిగొచ్చారన్నమాట వదినగారు," అంటూ చీమ వేలు పట్టుకుని మెట్ల మొదటికి తీసుకొచ్చాడు. "పదవే. నీ గది చూద్దువుగాని."

"నువ్విక్కడే ఉండు నాన్నా. నేనే ఎక్కుతా."

వేలు విడిపించుకుంది. కమ్మీ లేదు, ఎత్తు లేదు, ఒట్టి గడ్డి మీద తెల్లగీతలు. చీమ మొదటి గీత దాటింది. అరచెయ్యి మోకాలి మీద ఆనించలేదు. రెండో గీత దాటింది. చెయ్యి వాళ్ళ నాన్న వైపు ఊపింది. గబగబా, అవును, గబగబానే, ఒక గీత నుంచి ఇంకో గీతకి వెళ్ళిపోయింది. మలుపులో ఆగలేదు. నడుము అటూ ఇటూ ఊగుతోంది కాని మొహం నిండా నవ్వు. ఆ పిల్లకి చీమ అని పేరెందుకు పెట్టారో ఆ నాలుగు క్షణాలు చూసినవాళ్ళెవరికైనా తెలిసిపోతుంది. చివరి గీత దాటి, పక్కనున్న చదరంలోకి వెళ్ళి, ఊపిరి తీసుకుంటూ ఇటు తిరిగింది.

"నాన్నా, చెరువంతా కనపడుతోంది."

ఆ చోట నిలబడితే ఎదురుగా తుంగ ఎత్తుగా ఉంటుంది. నీటిచుక్క కూడా కనపడదు. పెద్దమ్మకి తెలుసు. ఆ గట్టు చుట్టూ రోజూ పరిగెత్తే మరిదికీ తెలుసు.

"నువ్వూ రా నాన్నా."

అతను మొదటి గీత మీద కాలు పెట్టాడు. రెండోది. మూడోది. అక్కడ ఆగిపోయాడు. కూతురి వైపు చూశాడు. ఆ పిల్ల నవ్వు చెదరనివ్వకుండా, ఒక చేత్తో గౌను పక్కగా పట్టుకుని నిలబడి ఉంది, తొడ వణుకు కనపడకుండా. ఆ పిల్ల ఎక్కగలిగే మెట్లు లోకంలో ఇవే. ఆ సంగతి అతని మొహంలోకి వచ్చిన క్షణం పెద్దమ్మ చూసింది, చూడకుండా ఉంటే బాగుండుననుకుంది. అతను ఇంకో కాలు ఎత్తబోయాడు. రాలేదు. మూడో గీత మీదే కూలబడ్డాడు.

"ఏమైంది నాన్నా?"

"ఆయాసం," అన్నాడు. ఛాతీ ఎగసెగసి పడుతోంది. ఇంతకాలం గోడకి ఆనుకుని నటించిన ఆయాసం ఇవాళ నిజంగానే వచ్చింది.

చీమ వెంటనే బయల్దేరింది. గోడ దాటి రాలేదు. వచ్చిన దారినే, మెట్ల మీదుగా, ఒక్కో గీతా దిగుతూ వచ్చింది. ఈసారి మెల్లగానే వచ్చింది. నాన్న పక్కన కూర్చోవడానికి ముందు ఒక చెయ్యి నేలకి ఆనించి, తర్వాత ఒక మోకాలు, తర్వాత రెండోది వాల్చింది. అతని వీపు మీద చెయ్యి వేసింది.

"పర్లేదు నాన్నా. మెల్లగా ఎక్కుదాంలే."

అతను తల అడ్డంగా ఊపాడు. ఊపుతూనే ఉన్నాడు.

"వద్దు తల్లీ. ఇంక ఎక్కొద్దు."

చెల్లెలు వంటింట్లోంచి ఇటు తిరిగింది. గోడలు లేవు కాబట్టి అన్నీ కనపడుతున్నాయి, అన్నీ వినపడుతున్నాయి. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మరి నీ గది ఎక్కడే?" అన్నాడు మరిది.

"కింద. ఆ పెద్ద తలుపున్నది. చూపిస్తా, నన్ను ఎత్తుకో నాన్నా."

అతను లేచి, వంగి, కూతుర్ని రెండు చేతుల్లోకీ తీసుకున్నాడు. ఎన్నాళ్ళయిందో ఎత్తుకుని, ఆ బరువు ఎంత తక్కువో తెలిసి ఉండదు. ఒక్క అడుగు వెనక్కి తూలాడు. నేరుగా గదివైపు నడవబోతే చీమ కాలు ఊపింది.

"గోడ నాన్నా. తలుపులోంచి వెళ్ళు, పెద్దమ్మ తిడుతుంది."

చుట్టూ తిరిగి, తలుపులోంచి వెళ్ళి, పిల్లని చెక్కబల్ల మీద పడుకోబెట్టాడు. తల కింద గట్టిగా ఉంటుందని చొక్కా విప్పి మడిచి పెట్టాడు. చాలదనుకున్నాడో ఏమో, బనీను కూడా విప్పబోయాడు.

"ఒకటి చాలు నాన్నా," అంది చీమ.

"తల ఎత్తుగా ఉండొద్దూ?"

"ఒక్కటితోనే చూడాలి. తర్వాత అంతే ఉంటుంది."

మరిది బనీను అంచు పట్టుకుని అలాగే ఉండిపోయాడు. తర్వాత వదిలేశాడు. బల్ల పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, తన తల కూడా ఆ చొక్కా మీద, కూతురి తల పక్కన ఆనించాడు. ఇద్దరూ పురికొస వైపు చూశారు.

"కనపడుతోందా నాన్నా?"

ఈ మాటకి అతను అబద్ధం చెప్తాడనే అనుకుంది పెద్దమ్మ. ఆ ఇంట్లో అందరికీ అలవాటైన పనే అది.

"లేదు తల్లీ. అవతలి గట్టొకటే కనపడుతోంది. నీళ్ళు కనపడట్లేదు." తల ఎత్తకుండానే పిలిచాడు. "వదినగారూ. కిటికీ ఇంకా కిందికి దింపాలి."

మేస్త్రి మెట్ల దగ్గర నిలబడి ఎవరి మొహం చూడాలో తెలియక చూస్తున్నాడు. ఇవి ఉంచాలా, తీసెయ్యాలా అన్నట్టు చెయ్యి తిప్పాడు. పెద్దమ్మ గీత దాటకుండా చుట్టూ తిరిగి, వెడల్పు తలుపులోంచి లోపలికి వెళ్ళింది. మేకు దగ్గర వంగి ముడి విప్పసాగింది. వెనక నుంచి చెల్లెలు వచ్చి రెండో మేకు దగ్గర కూర్చుని ఆ కొస ముడి విప్పింది. అక్కచెల్లెళ్ళిద్దరూ చెరో కొసా పట్టుకుని పురికొసని కిందికి జరిపారు.

"ఇక్కడా?" అంది పెద్దమ్మ.

"ఇంకొంచెం," అన్నాడు మరిది.

జరిపారు.

"ఇక్కడా?"

"ఇంకొంచెం కిందికి."